ముందు నెలల లెక్క సరిచూడండి

బిడ్డ పుట్టిన ఇంట్లో ఎవరో ఒకరు వేళ్లు మడిచి నెలలు లెక్కపెడతారు. జువ్వలదిన్నె, ఇసకపల్లి లాంటి మన నెల్లూరు తీరం ఊళ్లలో మగవాళ్లు పరాయి రేవుల్లో బోట్ల మీద ఉండిపోవడం మామూలే గనుక, ఆ లెక్క ఇంకాస్త నిక్కచ్చిగా సాగుతుంది. "వాడు వచ్చిందెప్పుడు, బిడ్డ పుట్టిందెప్పుడు?" అని ఒకరు అంటే చాలు, తండ్రి మనసులో ముల్లు దిగుతుంది. ఆపైన డీఎన్‌ఏ పరీక్ష మాట వస్తుంది.

పరీక్షకన్నా ముందు ఆ లెక్కే సరిచూడాలి. డాక్టర్లు చెప్పే నలభై వారాలు భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. మొదటి రెండు వారాలు అసలు గర్భమే ఉండదు. వేట నిషేధం మొదలయ్యే ఏప్రిల్ 15న భర్త ఇల్లు చేరాడనుకోండి. భార్యకు ఏప్రిల్ 1న నెలసరి వచ్చింది. డిసెంబరు 16న కాన్పయితే ఇంట్లోవాళ్ల లెక్కకు ఎనిమిది నెలలే. ఆసుపత్రి లెక్కకు నిండా 37 వారాలు, అంటే నెలలు నిండిన బిడ్డే. ఏఎన్‌ఎం ఇచ్చిన కార్డు, మొదటి మూణ్నెల్లలో తీసిన స్కానింగు కాగితం పట్టుకెళ్లి డాక్టరమ్మను అడగండి. చాలా అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

పోలికలు, రంగు చూసి తీర్పు చెప్పకండి. పుట్టినప్పటి రంగు నిలవదు. బ్లడ్ గ్రూపు కూడా అంతే: తండ్రిది ఏ, తల్లిది బీ అయినా బిడ్డది ఓ కావచ్చు.

అప్పటికీ అనుమానం పోకపోతే, నాయనా, ముందు నీ భార్యతోనే మాట్లాడు. అమ్మతో కాదు, బావమరిదితో కాదు, పెద్దకాపుల పంచాయితీలో అసలే కాదు. నలుగురిలో పడ్డ మాటను ఏ రిపోర్టూ వెనక్కి తేలేదు. ఆమె పచ్చి బాలింత. నిద్ర లేదు, ఒళ్లు కోలుకోలేదు. ఆమెకు తెలియకుండా బిడ్డ నోట్లో దూది పుల్ల పెట్టి నమూనా తీయడం మాత్రం చేయొద్దు. పరీక్షలో ఏమి తేలినా ఆ దొంగతనం కాపురంలో మిగిలిపోతుంది.

పరీక్ష కష్టమైనదేమీ కాదు. బుగ్గ లోపల పుల్లతో రుద్ది తీస్తారు, పసిగుడ్డుకైనా నొప్పి ఉండదు. తల్లి నమూనా కూడా ఇస్తే ఫలితం మరింత గట్టిగా ఉంటుంది. తండ్రి కాకపోతే కాదని తేల్చేస్తుంది, అయితే 99.9 శాతానికి పైగా అవునంటుంది. కానీ ఎవరి నమూనా ఎవరిదో సాక్ష్యం లేకుండా ఇంట్లో తీసి పంపినదానికి కోర్టులో విలువ ఉండదు.

చట్టం బిడ్డ వైపు నిలబడింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్ ప్రకారం, పెళ్లి బంధంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. కాదనాలంటే, గర్భం వచ్చిన ఆ రోజుల్లో భార్యాభర్తలు కలిసే వీలే లేదని రుజువు చేయాలి. ప్రైవేటు ల్యాబు కాగితం ఒక్కటే చూపి బిడ్డ బాధ్యత దులుపుకోలేరు. భార్యాభర్తల తగాదాల్లో పిల్లలకు డీఎన్‌ఏ పరీక్షలు మామూలుగా ఆదేశించకూడదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అపర్ణా ఫిరోదియా కేసులో చెప్పింది. మన రాష్ట్రానికి గవర్నరుగా చేసిన ఎన్.డి. తివారీ కేసు గుర్తుండే ఉంటుంది. 2012లో హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ ల్యాబు ఆయన రక్తాన్ని పరీక్షించి రోహిత్ శేఖర్‌కు ఆయనే తండ్రని తేల్చింది. అక్కడ నిజం కావాలని అడిగింది ఎదిగిన కొడుకు. ఉయ్యాలలో బిడ్డ అలా అడగలేదు, వద్దని కూడా చెప్పలేదు. అందుకే వాడి తరఫున మీరిద్దరూ ఆలోచించాలి.

నమ్మించి వదిలేసిన మనిషి "నా బిడ్డ కాదు" అంటున్నప్పుడు సంగతి వేరు. అక్కడ పరీక్ష తల్లికి అండ. పెళ్లి కాకుండా పుట్టినా తండ్రి నుంచి మనోవర్తి పొందే హక్కు బిడ్డకుంది. కోర్టు ద్వారానే పరీక్ష కోరమ్మా. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 15100కు ఫోన్ చేయి. జనన నమోదు మాత్రం ఆ తగాదా తేలేదాకా ఆపొద్దు, 21 రోజుల్లో చేయించు. తండ్రి పేరు చెప్పకపోయినా పెళ్లికాని తల్లి బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాల్సిందేనని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.