సేనాని వెనుక గురువు

నాయకుడు పుట్టుకతోనే నాయకుడా, శిక్షణ వలన నాయకుడవుతాడా అన్నది పాత ప్రశ్న. పుట్టుక ఇచ్చేది శక్తిని మాత్రమే. ఆ శక్తికి దారి చూపేది శిక్షణ. సైన్యంలో ఈ శిక్షణ రెండు విధాలుగా సాగుతుంది. మొదటిది అకాడమీలలో అందరికీ సమానంగా లభించేది: కవాతు, ఆయుధ ప్రయోగం, పటాల పరిశీలన, ఆజ్ఞాపాలన. డెహ్రాడూన్, ఖడక్‌వాస్లాలలోని మన సైనిక అకాడమీలలో కవాతు నేర్పే శిక్షకుని ‘ఉస్తాద్’ అనే పిలుస్తారు. రెండవది, అనుభవజ్ఞుడైన ఒక పై అధికారి ఒక యువకుని చేరదీసి ఏళ్ల తరబడి తీర్చిదిద్దడం. దీనికి పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. ఉర్దూ కవి తన గజల్‌ను ఉస్తాదుకు చూపి ‘ఇస్లాహ్’ పొందే సంప్రదాయం మన విద్యార్థులకు తెలిసినదే. సైన్యంలోనూ అటువంటి ఇస్లాహ్ ఉన్నది. దాని స్వరూపాన్ని గ్రహించడానికి అమెరికా సైన్య చరిత్రలోని ఫాక్స్ కానర్, ఐసెన్‌హోవర్‌ల ఉదంతం చక్కగా ఉపకరిస్తుంది.

ఐసెన్‌హోవర్ 1915లో వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయం నుండి పట్టభద్రుడైనాడు. 164 మందిలో అతని స్థానం 61. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లి పోరాడాలని ఎంత తహతహలాడినా, స్వదేశంలో ట్యాంకు దళాలకు తర్ఫీదునిచ్చే పని మీదనే ఉంచారు. 1920లో ట్యాంకుల వినియోగంపై ఒక సైనిక పత్రికలో క్రొత్త అభిప్రాయాలు వ్రాసినందుకు పై అధికారులు మందలించారు. 1921 జనవరిలో మూడేళ్ల కుమారుడు స్కార్లెట్ జ్వరంతో మరణించాడు. ఉద్యోగంలో నిరాశ, ఇంట శోకం. ఈ దశలో అతని భవిష్యత్తును ఊహించగలవారు అరుదు.

ఊహించినవాడు బ్రిగేడియర్ జనరల్ ఫాక్స్ కానర్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో జనరల్ పెర్షింగ్ ప్రధాన కార్యాలయంలో సైనిక చర్యల విభాగాన్ని నడిపిన మేధావి ఆయన. పనామా కాలువ ప్రాంతంలోని దళానికి అధిపతిగా ఉన్నప్పుడు ఐసెన్‌హోవర్‌ను తన సహాయకునిగా రప్పించుకున్నాడు. 1922 నుండి 1924 వరకు అక్కడ సాగిన గురుకులవాసమే మన పరిశీలనాంశం.

వెస్ట్‌పాయింట్‌లో చరిత్రను తేదీలుగా కంఠస్థం చేయించినందువల్ల ఐసెన్‌హోవర్‌కు ఆ శాస్త్రమంటే విముఖత ఏర్పడింది. కానర్ దానిని గుర్తించి, వెంటనే చరిత్ర గ్రంథాలు చేతికివ్వలేదు. ముందుగా కొన్ని చారిత్రక నవలలు ఇచ్చాడు. అవి నచ్చినవని తెలిసిన పిమ్మట, ఆ నవలలలోని కాలానికి సంబంధించిన యుద్ధ చరిత్రలు ఇచ్చాడు. అమెరికా అంతర్యుద్ధ సేనానుల స్వీయచరిత్రలు చదివించాడు. జర్మన్ సైనిక తత్త్వవేత్త క్లాజ్‌విట్జ్ గ్రంథాన్ని మూడుసార్లు చదివించాడు.

చదివించి ఊరుకొనలేదు. గుర్రాలపై అడవి దారులు పరిశీలించే వేళ, రాత్రి నెగడు చుట్టూ కూర్చున్న వేళ ప్రశ్నలు వేసేవాడు. ఆ సేనాని ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నాడు? అతని ముందున్న ఇతర మార్గాలేవి? దానికి విరుద్ధమైన నిర్ణయం చేసి ఉంటే ఫలితమేమయ్యేది? శిష్యుడు ఆలోచించి సమాధానం చెప్పవలసిందే. వీటితోపాటు శిబిరపు నిత్యకృత్యాలకు సైతం యుద్ధరంగంలో జారీచేసే ఉత్తర్వుల పద్ధతిలో ప్రతిదినం ఉత్తర్వు వ్రాయవలసి ఉండేది. ఆ అభ్యాసం వలన స్పష్టంగా ఆలోచించి స్పష్టంగా వ్రాయడం అతనికి సహజగుణమైంది. మరొక మహాయుద్ధం రాక తప్పదనీ, అందులో పలు దేశాల సేనలు ఒకే నాయకత్వం క్రింద పోరాడవలసి వస్తుందనీ కానర్ నాడే హెచ్చరించాడు.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. గురువు అండ అనగా సిఫారసే కదా? కానర్ సిఫారసు చేసిన మాట నిజమే. లెవెన్‌వర్త్‌లోని కమాండ్ అండ్ జనరల్ స్టాఫ్ స్కూలులో ప్రవేశానికి పదాతిదళ ప్రధానాధికారి నిరాకరించగా, కానర్ తన పలుకుబడితో శిష్యుని తాత్కాలికంగా మరొక శాఖకు మార్పించి, ఆ శాఖ తరఫున చోటు ఇప్పించాడు. అయితే రెండు విషయాలు గమనించాలి. ఆ సిఫారసుకు ముందు దాదాపు మూడేళ్ల కఠోర కృషి ఉన్నది. దాని తరువాత పరీక్ష ఉన్నది. 1926లో ఆ స్కూలు నుండి వెలువడిన 245 మందిలో ఐసెన్‌హోవర్ ప్రథముడుగా నిలిచాడు. తలుపు తెరిపించినవాడు గురువు. లోపల నెగ్గినవాడు శిష్యుడు. యోగ్యతను నిర్మించకుండా చేసే సిఫారసు అర్హుడైన మరొకరికి అన్యాయం. అధికారి అసమర్థుడైతే దాని మూల్యం సిపాయిలు ప్రాణాలతో చెల్లించవలసి వస్తుంది.

ఈ పద్ధతికి లోపం లేకపోలేదు. గురువు కంట పడినవాడు పైకి వస్తాడు. పడనివాడు, ఎంతటి ప్రతిభావంతుడైనా, మరుగున పడిపోతాడు. తనను పోలినవారినే గురువు ఎన్నుకునే ప్రమాదమూ ఉన్నది. కనుక మార్గదర్శకత్వాన్ని అదృష్టానికి వదలక, ప్రతి పై అధికారి తన క్రిందివారిని తీర్చిదిద్దడం విధిగా భావించినప్పుడే సైన్యానికి మేలు.

1944 జూన్ 6న నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగిననాడు వాటి సర్వసేనాని ఐసెన్‌హోవర్. కానర్ అప్పటికే పదవీ విరమణ చేశాడు. అమెరికా అధ్యక్షునిగా రెండు పర్యాయాలు పనిచేసిన అనంతరం, 1967లో ప్రచురించిన జ్ఞాపకాలలో, తాను ఎరిగినవారిలో కానర్‌ను మించిన సమర్థుడు లేడని శిష్యుడు కృతజ్ఞతతో స్మరించాడు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎన్.సి.సి.లో చేరినవారు ఉండవచ్చును; సైనికాధికారులు కాగోరేవారూ ఉండవచ్చును. ఇంట చదువుకున్న పెద్దలు లేనివారికి చేయిపట్టి నడిపించేవాడు మరింత అవసరం. అట్టి గురువును వెదకండి. ఆయన నుండి ఉత్తరం కాక పుస్తకం అడగండి. ఆయన ప్రశ్నిస్తే నొచ్చుకొనకండి. పెద్దలకు నా మనవి ఒక్కటే: కానర్ ఖర్చు చేసినది ధనం కాదు, తన గ్రంథాలను, తన సాయంకాలాలను. ఆ పాటి వ్యయం మన కళాశాలలోనూ సాధ్యమే.