ఎల్లలు దాటిన పాటలు

ఫ్రాన్సు దేశపు జాతీయగీతమైన 'మార్సెయేజ్' పుట్టినచోటు మార్సేయి పట్టణము కాదు. 1792లో రూజే ద లీల్ అను సైన్యాధికారి దానిని జర్మనీ సరిహద్దున నున్న స్ట్రాస్‌బర్గు నగరమున రచించెను. 1871లో ఆ నగరము జర్మనీ పాలయ్యెను. 1918లో మరల ఫ్రాన్సును జేరెను. నగరము చేతులు మారినను పాట నిలిచినది. ఇది దూరదేశపు ముచ్చటగా దోచవచ్చును. కాని మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములును అట్టి ఎల్లసీమలే.

1948 వఱకు ఈ మూడు పట్టణములును నిజాము రాజ్యమున నల్లగొండ జిల్లాలో నుండెను. కోదాడకు తూర్పున మద్రాసు రాజధానికి జెందిన కృష్ణాజిల్లా. మిర్యాలగూడకు దక్షిణమున, కృష్ణానది యావలి గట్టున, గుంటూరు జిల్లా. సూర్యాపేటకును కోదాడకును నడుమనున్న మునగాల పరగణా మాత్రము చుట్టును నిజాము భూములే యున్నను కృష్ణాజిల్లాలోనిది. కావున సూర్యాపేటలో బండి గట్టి కోదాడకు బోవువాడు ఒక్క పయనములో రెండు ప్రభుత్వముల నేలను ద్రొక్కుచుండెను.

పాలనలు రెండైనను భాష యొక్కటే. మన ప్రార్థనాలయములలో నేటికిని బాడుకొను పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనలు ఉత్తర సర్కారులలో బుట్టినవే గదా! భక్తిపాట వలెనే బాధపాటయు ఎల్ల దాటెను.

అందులకు బుఱ్ఱకథ మిక్కిలి తోడ్పడెను. నడుమ కథకుడు తంబుర మీటుచు నిలుచును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయింతురు. ఒక వంత నవ్వించును. రెండవ వంత నాటి రాజకీయములు ముచ్చటించును. ఈ రెండవ వంత మూలముననే రెండు ప్రభుత్వములును బుఱ్ఱకథను నిషేధించినవి. గుంటూరు జిల్లా పొన్నెకల్లు వాడైన షేక్ నాజరు (1920–1997) ఈ కళకు క్రొత్త జీవము పోసెను. 1943లో నేర్పడిన ప్రజానాట్యమండలి దీనిని ఊరూర వినిపించెను.

ఈవల నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు బుఱ్ఱకథను, గొల్లసుద్దులను వెట్టిచాకిరిపై నెక్కుపెట్టెను. బండి యాదగిరి 'బండెనక బండి గట్టి' యను పాటతో పల్లెజనుల పలుకుబడిలోనే పాలకుని నిలదీసెను. 1947లో తెలంగాణ రైతుల పోరును సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు అను సర్కారు జిల్లాల రచయితలు 'మా భూమి' నాటకముగా వ్రాసిరి. అదే పేరుతో, వేఱొక నవల యాధారముగా, 1979లో వచ్చిన చలనచిత్రమున యాదగిరి పాటను గద్దరు పాడగా, నిజాము పాలన నెఱుగని తరమువారును దానిని నేర్చిరి.

1956లో ఎల్ల చెఱిగెను. 2014లో కోదాడకు తూర్పుననే మరల వెలసెను. అందెశ్రీ రచించిన 'జయ జయహే తెలంగాణ' 2024లో రాష్ట్రగీతమైనప్పుడు, ఆవలి రాష్ట్రమున బుట్టిన కీరవాణి దానికి సంగీతము కూర్చుటపై కొందఱు తెలంగాణ సంగీతకారులు అభ్యంతరము దెలిపిరి. ఆ మాటను ద్వేషమని కొట్టివేయుటయు, దానినే తుదితీర్పుగా గైకొనుటయు రెండును తొందరపాటే యని మాకు దోచుచున్నది. తన నేలపాట తన గొంతున వినబడవలెనని కోరుట న్యాయమే. ఆ నేల కష్టమును ఆవలివారును తమదిగా దలచి పాడిరనుటయు సత్యమే. రెండు సత్యములను నొక్కచోట నుంచి యాలోచించుటయే చదువునకు ఫలము.

ఇంతకంటె పెద్ద నష్టము వేఱొకటి కలదు. పైన జెప్పిన పేళ్లు నిలిచినవి; నాట్లు వేయుచు, కలుపు దీయుచు ఆ పాటలను మోసిన స్త్రీపురుషుల పేళ్లు నిలువలేదు. 1948లో పదేండ్ల బాలురు నేడు ఎనుబదియైదేండ్లు మీఱిన వృద్ధులు. వారితో పోవునది మరల రాదు. కావున, విద్యార్థులారా, ఈ సెలవులలో మీ తాతమ్మల చెంత గూర్చుండుడు. పాటను, పాడినవారి పేరును, ఊరును, ఎవరి యొద్ద నేర్చిరో ఆ వివరమును వ్రాసికొనుడు. ఎల్లకు ఈవల నేర్చినదా, ఆవల నేర్చినదా యని కూడ నడుగుడు. ఆ జవాబే మన సీమ చరిత్ర.