వచ్చిన అంకెనే రాయండి

ఇంటర్ నుంచీ మనకో అలవాటు ఉంది. ప్రాక్టికల్ పరీక్ష రోజు ల్యాబ్ అటెండర్‌ను పక్కకు పిలిచి, ‘అన్నా, నాకొచ్చిన సాల్ట్ ఏంటి?’ అని అడగడం. పేరు తెలిశాక పరీక్షలన్నీ దానికి తగ్గట్టు రాసేయడం. డిగ్రీకొచ్చాక టైట్రేషన్ విలువల్ని సీనియర్ రికార్డులోంచి దింపుకోవడం. మార్కులకు ఢోకా ఉండదు. కానీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, బీఫార్మసీ ప్రాక్టీస్ స్కూల్‌కో, డిగ్రీ ఇంటర్న్‌షిప్‌కో కంపెనీ ల్యాబ్‌లో అడుగుపెట్టిన రోజున ఆ అలవాటే మీకు మొదటి శత్రువు. అక్కడ జవాబు ముందే చెప్పే అన్న ఎవరూ ఉండరు. జవాబు కోసం మీ చేతివైపే చూస్తుంటారు.

ఎర్రగడ్డ, ఎస్సార్ నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ ఇలాంటి శిక్షణకు వెళ్లేవాళ్లకు అదృష్టం పక్కవీధిలోనే ఉంది. ఇటు సనత్‌నగర్, మూసాపేట దాటితే బాలానగర్, ఇంకాస్త వెళితే జీడిమెట్ల. ఈ దారిలో మందుల పరిశ్రమ ఊరికే మొలవలేదు. 1960ల్లో సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ కర్మాగారం వెలిసింది. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ ముగించుకుని 1969లో చేరింది అందులోనే. ఆరేళ్లు అక్కడ పనిచేశారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని సొంత కంపెనీలు పెట్టినవాళ్లు ఇంకా ఎందరో. వాళ్లు బయటికొచ్చేటప్పుడు అక్కడి యంత్రాలను మోసుకురాలేదు. పని తెలిసిన చేతులతో వచ్చారు.

యంత్రాల మాట ఎందుకంటే, మొదటి నెలలో విద్యార్థుల ఫిర్యాదంతా వాటి గురించే. ‘హెచ్‌పీఎల్‌సీ ముట్టుకోనివ్వడం లేదండీ, ఫ్లాస్కులు కడిగిస్తున్నారు’ అంటారు. కడగండి, శ్రద్ధగా కడగండి. సరిగా కడగని ఫ్లాస్కులో కలిపిన నమూనాను యంత్రంలోకి ఎక్కిస్తే, ఉండకూడని చోట ఓ చిన్న పీక్ లేస్తుంది. అది మందులోని మలినమా, గాజుకు అంటుకున్న సబ్బా అని తేల్చేసరికి నలుగురికి రోజంతా పడుతుంది. మీటలు నొక్కడం వారంలో వస్తుంది. ఏ పీక్‌ను నమ్మాలో, దేన్ని అనుమానించాలో తెలియడం మాత్రం ఆ సింకు దగ్గరే మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. మీ చేతికి ఓ టైట్రేషన్ ఇచ్చారనుకుందాం. ఓ ఆమ్ల పదార్థం స్వచ్ఛత కొలవాలి. బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, ఫ్లాస్కులో రెండు చుక్కల ఫినాఫ్తలీన్. లెక్క ప్రకారం 10 మిల్లీలీటర్ల దగ్గర లేత గులాబీ రంగు తిరగాలి. మీకు 10.4 దగ్గర తిరిగింది. లెక్కేస్తే స్వచ్ఛత 104 శాతం. ఏ పదార్థమూ నూటికి నూట నాలుగు పాళ్లు స్వచ్ఛంగా ఉండదు. ఎక్కడో తేడా కొట్టింది.

కాలేజీ బుర్ర వెంటనే సలహా ఇస్తుంది: ‘ఆ ఫ్లాస్కు సింకులో పారబోసెయ్, పుస్తకంలో 10.01 వేసెయ్, ఎవరు చూడొచ్చారు?’ ఆ ఒక్క నిమిషంలోనే మీరెలాంటి కెమిస్టు కాబోతున్నారో తేలిపోతుంది. పారబోయకండి. 10.4 అనే రాయండి. ఫ్లాస్కును అలాగే బల్ల మీద ఉంచి, బరువు తూచిన స్లిప్పు పట్టుకుని సీనియర్ దగ్గరికి వెళ్లి, ‘మేడమ్, నాకు 10.4 వచ్చింది. ఫ్లాస్కు కదపలేదు. ఒకసారి చూస్తారా?’ అని అడగండి. ఆమె వచ్చి ముందు బ్యూరెట్ కారుతోందేమో చూస్తుంది. తర్వాత స్లిప్పు చూస్తుంది. ఆ తర్వాత హైడ్రాక్సైడ్ సీసా మీది చీటీ చదువుతుంది: ఎప్పుడు కలిపారు, బలం ఎప్పుడు సరిచూశారు?

ఆ ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. మూత వదులుగా ఉంటే రోజులు గడిచేకొద్దీ బలం తగ్గిపోతుంది. బలం తగ్గిన ద్రావణాన్ని చీటీ మీది పాత లెక్కతో వాడితే మిల్లీలీటర్లు ఎక్కువ పడతాయి, ఫలితం నూరు దాటుతుంది. తప్పు సీసాదైతే, ఆ సీసాతో ఇంకెవరూ పరీక్ష చేయకుండా మీరు ఆపినట్టు. తప్పు మీ తూకానిదైతే, ఇంకెప్పుడూ మర్చిపోని పాఠం నేర్చుకున్నట్టు. 10.01 అని రాసుంటే ఈ రెండూ దక్కవు. పైగా ఆ అంకెను నమ్మి ఓ బ్యాచ్ ముందుకు కదిలేది. ఆ మాత్ర ఎవరింట్లో ఏ పెద్దాయన వేసుకుంటాడో మనకు తెలియదు.

ఇదంతా చాదస్తంగా అనిపిస్తే ఒక్క ఉదాహరణ చాలు. 2013 మేలో మందుల కంపెనీ రాన్‌బాక్సీకి చెందిన అమెరికా సంస్థ అక్కడి కోర్టులో నేరం ఒప్పుకుంది, మొత్తం 50 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. పరీక్షల రికార్డుల్లో అబద్ధాలు కూడా ఆ కేసులో భాగమే. అంత పెద్ద కంపెనీ పరువూ చివరికి ల్యాబ్‌లో ఎవరో రాసిన అంకె మీదే ఆధారపడింది.

కాబట్టి రాసే పద్ధతి మొదటి రోజే పట్టుకోండి. చూసిన వెంటనే రాయాలి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని కాదు. చిత్తు కాగితం మీద, అరచేతి మీద అసలే కాదు. తప్పు పడితే కింద అంకె కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది వేసి, కారణం, సంతకం, తేదీ పెట్టాలి. వైట్‌నర్‌ను సంచిలో కూడా ఉంచుకోకండి. కొట్టివేతలు ఉన్న పేజీ చూసి సిగ్గుపడే పిల్లల్ని చూస్తే నాకు బాధేస్తుంది. పనిచేసిన మనిషి పేజీ అలాగే ఉంటుంది.

కళ్లద్దాలు, ఫ్యూమ్ హుడ్ విషయంలో మొహమాటం వద్దు. ‘రెండు నిమిషాల పనేగా, అద్దాలెందుకు’ అని ఎవరన్నా సరే, పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. ఈ రంగంలో ప్రమాదం ఎంత పెద్దదో మర్చిపోకండి: 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. తెలియని పని అప్పగిస్తే ‘సార్, ఇది నాకు ఇంకా నేర్పలేదు’ అని చెప్పడంలో చిన్నతనమేమీ లేదు.

అమీర్‌పేట సందుల్లో రెడీమేడ్ ప్రాజెక్టు రిపోర్టులు దొరుకుతాయని స్నేహితులు చెబుతారు. అటు వెళ్లకండి. ‘మీకు ఫలితం తేడాగా వచ్చినప్పుడు ఏం చేశారు?’ అని ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న వేస్తే, కొనుక్కున్న రిపోర్టులో దానికి జవాబు ఉండదు. 10.4 చూసినవాళ్లు మాత్రం పది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడగలరు.

చివరిగా ఓ మాట ల్యాబ్‌లోని సీనియర్లకు. తేడా అంకె పట్టుకుని మీ దగ్గరికొచ్చిన పిల్లను నలుగురిలో తిట్టకండి. తిడితే ఆమె ఇంకోసారి రాదు. ఆ తర్వాత ఆమె పుస్తకంలో అంకెలన్నీ చక్కగా కుదురుతాయి, ఒక్కదాన్నీ నమ్మడానికి ఉండదు. వచ్చినందుకు ముందు మెచ్చుకోండి. తర్వాత ఇద్దరూ కలిసి సీసా మీది చీటీ చదవండి.