కోతను పట్టే యాంటీబాడీ

నాది ఎంపీసీ, బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది. అయినా ఈ సంగతి మన సీఎస్ఈ వాళ్లకి సులువుగానే ఎక్కుతుంది.

మోకాలు అరగడమంటే ఎముక చివరుండే మృదులాస్థి పాడవడం. అందులో నీటిని పట్టి ఉంచే పెద్ద అణువు అగ్రికాన్. అందుకే కీలు బరువు మోస్తుంది. జబ్బు చేసినప్పుడు అగ్రికనేజ్ అనే ఎంజైములు దాన్ని 373, 374 అమైనో ఆమ్లాల మధ్య కోస్తాయి. మామూలు ఎక్స్‌రేలో మృదులాస్థే కనబడదు, ఇక కోత ఎలా తెలుస్తుంది?

1975లో కేంబ్రిడ్జ్‌లో కోహ్లర్, మిల్‌స్టీన్ యాంటీబాడీ చేసే ఎలుక కణాన్ని ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపారు. అలా పుట్టిన ఒక్క కణం సంతతంతా ఒకే యాంటీబాడీ ఇస్తుంది. అదే మోనోక్లోనల్.

బీసీ-3 అలాంటిదే. కోత పడ్డాక కొత్తగా బయటపడే అలనిన్-ఆర్జినిన్-గ్లైసిన్ మొదలునే పట్టుకుంటుంది. కోయని అగ్రికాన్ మధ్యలో అదే వరస ఉన్నా అతుక్కోదు. రెజెక్స్‌లో లైను మొదట్లోనే వెతకమని పెట్టే టోపీ గుర్తు లాగన్నమాట.

ల్యాబ్‌లో ముందు అగ్రికాన్ చక్కెర గొలుసుల్ని ఎంజైముతో తీసేస్తారు. ముక్కల్ని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, పొర మీదికి ఎక్కించి, బీసీ-3 వేస్తారు. దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీతో గీత కనబడుతుంది. గీత పడితే అగ్రికనేజ్ కోసినట్టే. మందు వేశాక గీత పలచబడితే, ఆ మందు కోతని ఆపుతోందేమో అని ముందుకెళ్తారు.

గీత రాలేదని మృదులాస్థి బాగుందనుకోకూడదు. ఎంఎంపీ ఎంజైములు 341, 342 మధ్య కోస్తాయి, దానికి వేరే యాంటీబాడీ కావాలి. ఒక్క టెస్ట్ కేసు పాసైతే కోడ్‌లో బగ్ లేదనలేం కదా!