మిరపకాయల రైలు

మంగళగిరి మీదుగా గుంటూరు పోయే రైలు మనకు తెలుసు. మిరపకాయలు రైలెక్కి బంగ్లాదేశ్ వెళ్లాయి. ఆ సంగతి తెలుసా?

గుంటూరు మిరపకాయలు బంగ్లాదేశ్‌లో కొంటారు. లారీలో పంపితే టన్నుకు సుమారు 7000 రూపాయలు అయ్యేది. 2020లో కరోనా వచ్చింది. లారీలకు దారి లేకపోయింది. గూడ్సు రైలుకు ఒక్కసారే 1500 టన్నులు కావాలి. చిన్న రైతుల దగ్గర అంత సరుకు ఎక్కడిది?

అప్పుడు రైల్వేవారు చిన్న పార్సిలు రైలు వేశారు. దానికి 16 పెట్టెలు. ఒక్కో పెట్టెలో 466 బస్తాలు. జూలైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెంలో సరుకు ఎక్కించారు. రైలు సరిహద్దు దాటి బేనాపోల్ చేరింది. మన దేశం దాటి వెళ్లిన మొదటి పార్సిలు రైలు అదే. టన్నుకు 4608 రూపాయలే అయింది.

లెక్క వేయండి: టన్నుకు ఎంత మిగిలింది? లెక్క వచ్చినవారిని బాడుగలో ఎవరూ మోసం చెయ్యలేరు.