స్ట్రెస్ ఎకో: గుండె నిండే తీరే తొలి ఆధారం

గుండె కండరానికి రక్తం చాలకపోవడమే ఇస్కీమియా. దీని తొలి గుర్తు ఛాతీనొప్పి అని రాస్తే మార్కు పోయినట్టే. మార్పుల వరుసలో అది చివరిది. ముందుగా దెబ్బతినేది కండరం సడలే గుణం. సడలడానికీ ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కావాలి మరి! తర్వాత గోడ కదలిక మందగిస్తుంది, ఆపైన ఈసీజీ మారుతుంది.

ఈ మార్పులను పట్టడానికే స్ట్రెస్ ఎకోలో వ్యాయామంతోగానీ డోబుటమిన్ మందుతోగానీ గుండెకు పని పెంచి ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీస్తారు. ఎడమ జఠరికలోకి రక్తం తొలిగా దూసుకొచ్చే వేగాన్ని, మిట్రల్ కవాట వలయం కదిలే వేగాన్ని డాప్లర్‌తో కొలుస్తారు. వ్యాయామంలో ఈ రెంటి నిష్పత్తి సగటున 14 దాటితే నిండే పీడనం పెరిగిందని అనుమానిస్తారు. గుండె మరీ వేగంగా కొట్టుకుంటే తరంగాలు కలిసిపోయి కొలత కుదరదు. పైగా బీపీ, వయసు, షుగర్ వల్లా సడలిక తగ్గుతుంది; అందుకే గోడ కదలిక చూడకుండా ఇస్కీమియా అని తేల్చరు.

ఎకోకు ఆద్యులు: ఎడ్లర్, హెర్ట్జ్ (స్వీడన్, 1953).