సంతకం పెట్టే ముందు

ఆపరేషన్ కాగితం చేతికి ఇవ్వగానే చాలామంది బంధువులు "ఎక్కడ సంతకం పెట్టాలి సిస్టర్?" అంటారు. "ఇందులో ఏం రాశారు?" అని అడిగేవారు తక్కువ. ముందు అడగవలసింది ఈ రెండవ ప్రశ్నే.

వల అంటే ఏమిటి?

కాన్పుల వల్ల, వయసు వల్ల కండరాలు వదులై కొందరికి గర్భసంచి లేక మూత్రాశయం కిందికి జారుతుంది. దానికి ఆధారంగా పాలీప్రొపిలీన్ దారంతో అల్లిన మెష్, అంటే వల, యోని మార్గం ద్వారా అమర్చే పద్ధతి ఒకప్పుడు అనేక దేశాలలో వ్యాపించింది.

ఏం జరిగింది?

అంతకుముందున్న వలలను పోలి ఉన్నాయన్న కారణంతో అమెరికాలో 2002లో వీటికి అనుమతి లభించింది. తర్వాత కొందరు స్త్రీలకు వల యోనిలోకి పొడుచుకు రావడం, నొప్పి, రక్తస్రావం, కలయికలో బాధ కలిగాయి. కండ చుట్టూ అల్లుకుపోతుంది కనుక వలను పూర్తిగా తీయడం కష్టం. 2019 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వ ఔషధ సంస్థ, జారుడుకు యోని మార్గంలో వేసే వలల అమ్మకాన్ని ఆపించింది. పొట్టవైపు నుండి వేసే వలకు, దగ్గితే మూత్రం పడకుండా వేసే పట్టీకి ఆ ఉత్తర్వు వర్తించదు. అయినా వాటి మంచిచెడులు కూడా అడగాలి.

సంతకం ఎవరిది?

ఢిల్లీలో పరీక్ష కోసం మత్తు ఇచ్చిన 44 ఏళ్ళ మహిళకు, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఆ తల్లి అంగీకారం చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి తెలివిలో ఉన్న పెద్ద వయసు స్త్రీకి బదులుగా భర్త, అత్తగారు, కొడుకు సంతకం సరిపోదు. నిర్ణయం ఆమెదే.

డాక్టరు గారిని అడగండి

1. శరీరంలో ఏదైనా శాశ్వతంగా అమర్చుతారా? దాని పేరేమిటి?
2. రింగు, వ్యాయామం, వల లేని ఆపరేషన్ సరిపోవా?
3. ఏ ఇబ్బందులు రావచ్చు? తీయవలసి వస్తే ఎలా?
4. ఈ ఆపరేషన్ మీరు తరచుగా చేస్తారా?

వల వేస్తే దాని పేరు, నంబరు డిశ్చార్జి కాగితంలో రాయించుకుని భద్రపరచండి.

జారుడు సాధారణంగా ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది. సిగ్గుతో ఆమె అడగలేని మాటను మీరు అడగండి. జవాబు మాత్రం ఆమెను విననివ్వండి. "సరే" అన్నా, "వద్దు" అన్నా ఆమె నోటి నుండే రావాలి.